రాళ్ళ తోట బరువు

గట్టు మీది ఇల్లు
మే 4

బుల్లీ,

మీ క్యాంపు ముద్ర ఉన్న కవరు చూడగానే నువ్వు బాగానే ఉన్నావని తెలిసిపోయింది, లోపల రాసింది నాలుగు వాక్యాలే అయినా. నేను మాత్రం పొడుగ్గా రాస్తాను. మీ కొండల్లో ఫోను పని చెయ్యదు. పని చేసినా, ముప్పై ఏళ్ళు క్వారీలో రాళ్ళు పేల్చి చెవులు పోగొట్టుకున్న నాకు ఫోనెందుకు? చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. మనిద్దరికీ పోస్టుమానే గతి.

అసలు సంగతి మీ వదినది. నడుము ఇక బాగుపడదనీ, వంగొద్దనీ డాక్టరు తేల్చేశాడు. వింటే కదా. పోయిన వారం పెరట్లో గులాబీల మధ్య కలుపు తీస్తూ కూలబడిపోయింది. గంటసేపు లేవలేకపోయింది. పిలిచిందట. నేను వంటింట్లో కూర్చుని పేపరు చదువుతున్నాను. పిలుస్తూనే ఉందట.

అందుకని గులాబీలూ, గడ్డీ మొత్తం పీకించేశాను. పెరడంతా రాళ్ళ తోట చేస్తున్నాను. పెద్ద బండలు, మధ్యలో కంకర, సందుల్లో కలబంద, రణపాల, రెండు మూడు రకాల జెముళ్ళు. నీళ్ళు పొయ్యక్కర్లేదు, కలుపు రాదు, వంగే పనే లేదు. మీ వదిన కిటికీ దగ్గర కూర్చుని చూస్తే చాలు. పనికిరాని బండల్ని మా పాత క్వారీ వాళ్ళు ఊరికే ఇస్తున్నారు. రెండు లారీలు దిగాయి, ఇంకో మూడు వస్తాయి. అన్నిటికన్నా పెద్దవాటిని పెరటి చివర గోడ అంచున వరసగా నిలబెడుతున్నాను. కిటికీలోంచి చూస్తే వాటి వెనక ఆకాశం తప్ప ఇంకేమీ కనపడకూడదు.

మట్టి సంగతులు నీకే తెలుసు. జెముళ్ళకి ఇసక ఎంత కలపమంటావు?

అన్నయ్య


సొరంగం క్యాంపు, మూడో షెడ్డు
మే 13

అన్నయ్యకి,

వదిన కూలబడిన సంగతి ఇంత ఆలస్యంగానా రాయడం? ఆవిడ చేతికి ఒక గంట ఇవ్వమనేదాన్ని, కానీ అదీ నీకు వినపడదు. నీ భుజం మీద వెయ్యడానికి గులకరాళ్ళైనా ఇవ్వు.

ఇసక సగానికి సగం కలుపు. నీళ్ళు నిలవకూడదు.

ఇక్కడ నా బల్ల నిండా మట్టి డబ్బాలే. వాటిని పక్కకి నెట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. రాస్తుంటే నీ ఉత్తరంలో ఒక మాట దగ్గర ఆగిపోయాను. పెరటి చివర గోడ అన్నావు. అది మామూలు ప్రహరీ కాదు అన్నయ్యా. మీ పెరడంతా దాని వీపుకి ఆనుకుని ఉంది. అవతల పన్నెండు అడుగుల లోతు. ఆ లోతులో కింది వీధి వాళ్ళ గదులు.

మూడు సంగతులు రాయి. బండలు అంచుకి ఎన్ని అడుగుల దూరంలో ఉన్నాయి? మొత్తం ఎన్ని టన్నులు? వాన పడ్డప్పుడు గోడకున్న కన్నాల్లోంచి అవతలికి నీళ్ళు కారుతున్నాయా?

బుల్లి


గట్టు మీది ఇల్లు
మే 24

బుల్లీ,

ఆడబిడ్డ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చిందంటే మీ వదిన సంబరంగా విప్పింది. తీరా చూస్తే పరీక్ష పేపరు.

ఐదు లారీలూ దిగిపోయాయి. యాభై టన్నులుంటాయి. తూకం వెయ్యలేదు, క్వారీలో ముసలైనవాడి కన్ను చెప్పిన లెక్క. అంచుకి తగినంత దూరంలోనే ఉన్నాయి. ఒక బండ ఉంది చూడు, పడుకున్న గేదెలా నల్లగా ఉంటుంది. దాన్ని నలుగురం గునపాలతో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా జరిపాం. ఇప్పుడు దాని పక్కన రణపాల గుబురు పెట్టాను. కంకర కూడా పరిచేశాను, జానెడు మందాన. మొన్న చిన్న జల్లు పడితే ఒక్క చుక్క పైన నిలవలేదు, కంకర గటగటా తాగేసింది.

మీ వదిన కిటికీ దగ్గర్నుంచి కదలడం లేదు. నిన్న ఒక పిచ్చుక గేదె బండ మీద వాలితే నా చెయ్యి పట్టుకుని చూపించింది.

కింది ఇంటి దర్జీ ఆవిడ మాత్రం తలెత్తి బండల వైపు చూసి మొహం గంటు పెట్టుకుంది. నాలుగేళ్ళుగా మాకు మాటల్లేవు కదా. చూడనీ.

అన్నయ్య


సొరంగం క్యాంపు
జూన్ 3

అన్నయ్యకి,

మూడు ప్రశ్నలకి ఒక్కదానికే జవాబు వచ్చింది. "తగినంత" అనేది కొలత కాదు. కన్నాల మాట నువ్వు ఎత్తనే లేదు.

ఇదివరకు గడ్డి ఉండేది. వాన నీళ్ళు సగం పైపైన జారి వీధి కాలువలోకి పోయేవి. ఇప్పుడు కంకర తాగుతోందని నువ్వే రాశావు. అది తాగిన నీళ్ళెక్కడికి పోతాయి? గోడ వెనక మట్టిలోకి. గోడ కన్నాలు బయటికి వదిలితే సరే. వదలకపోతే ఆ తడి మట్టీ, పైన నీ యాభై టన్నులూ కలిసి గోడని అవతలికి తోస్తాయి.

గోడ మీద పగుళ్ళున్నాయేమో చూడు. ఉంటే పగులుకి అడ్డంగా పల్చటి గాజు ముక్క ఒకటి సిమెంటుతో అంటించు. గాజు సాగదు. గోడ వెంట్రుకవాసి కదిలినా విరిగిపోతుంది. దాని మీద తేదీ రాయి.

వానలకి ఇంకో మూడు వారాలే ఉంది. నేను ఊరికే భయపడే మనిషిని కాదని నీకు తెలుసు. కన్నాల సంగతి రాయి.

బుల్లి


గట్టు మీది ఇల్లు
జూన్ 14

బుల్లీ,

సరే, విను. కన్నాలు మూసేశాను. నాలుగేళ్ళయింది.

దర్జీ ఆవిడ గది ఆ గోడ కిందే. మన కన్నాల్లోంచి బురద నీళ్ళు కారి ఎవరివో కొత్త బట్టల మీద పడ్డాయని వీధిలోకి వచ్చి నన్ను నానా మాటలూ అంది. నాకు వినపడలేదనుకో. కానీ చుట్టూ నిలబడ్డవాళ్ళ మొహాలు కనపడ్డాయి. తర్వాత లాయరు నోటీసు కూడా పంపింది. పోనీలే, గొడవ ఎందుకని సిమెంటు పెట్టి తొమ్మిది కన్నాలూ పూడ్చేశాను. ఆవిడ అడిగింది, నేను చేశాను. అందులో నా తప్పేముంది?

గోడ పైన మా వైపు కనపడే పగులుకి నువ్వు చెప్పినట్టే గాజు అంటించాను. ఇవాళ్టికి చెక్కు చెదరలేదు. పగులు పాతదే. నువ్వు పుస్తకాల్లో రాళ్ళని చదివావు, నేను వాటి పొట్టలో మందు కూరి బతికాను. ఏ రాయి ఎప్పుడు కదులుతుందో నాకు తెలియదా? ఇక ఈ గోడ గోల ఆపి, జెముడు మొక్కకి అడుగున కుళ్ళు ఎందుకొస్తుందో రాయి.

అన్నయ్య

(అదే కవరులో, మడిచిన చిన్న కాగితం)

బుల్లమ్మా,

కవరు అంటించమని నాకిచ్చారు, అందుకని ఇది పెట్టగలిగాను. గాజు నాలుగో రోజే విరిగింది. మీ అన్నయ్య దాన్ని తీసేసి ఇంకోటి అంటించారు. నీకు రాసింది ఆ రెండోదాని సంగతి. దాని మీద కూడా నిన్న సన్నటి గీత చూశాను.

ఆయన అబద్ధాలాడే మనిషి కాదు. ఈ తోట నా కోసం చేశారు. అది తప్పని ఒప్పుకుంటే, నేను పిలిచినా రాలేకపోయిన ఆ గంట మళ్ళీ ఆయన మీదికి వచ్చి కూర్చుంటుంది. పెదాలు చూసి నా మాటలన్నీ పట్టుకునే మనిషి, ఇప్పుడు నేను గోడ అనగానే మొహం అటు తిప్పేసుకుంటున్నారు. మొహం తిప్పితే ఇక నేనేం చెప్పగలను?

వదిన


సొరంగం క్యాంపు
జూన్ 22

అన్నయ్యకి,

గాజు విరిగిందని నాకు తెలుసు. వదినని ఏమీ అనకు.

ఈ ఉత్తరం అందిన రోజే మనుషుల్ని పిలిచి బండల్ని అంచు నుంచి ఇంటి వైపు లాగించు. ఒకేసారి కాదు, ఒక్కొక్కటిగా. కంకర మీద పెద్ద పట్టా కప్పించి, నీళ్ళు వీధి వైపు పోయేలా వాలు పెట్టు. కన్నాలు నువ్వు పొడవద్దు, అది తెలిసినవాళ్ళ పని. అన్నిటికన్నా ముందు దర్జీ ఆవిడ దగ్గరికి వెళ్ళి గోడ కింది గది ఖాళీ చెయ్యమని చెప్పు.

సెలవడిగాను. వానలు పోయే దాకా సొరంగం కొలతలు చూసే మనిషి కదలడానికి వీల్లేదన్నారు. అందుకని ఆవిడకి నేనూ ఒక ఉత్తరం రాశాను. గురువారం టపా జీపులో వేస్తాను. ఈ ఉత్తరం ఇవాళే వెళ్తోంది. నీకు మూడు రోజులుంది. ఆవిడకి ఆ మాట నీ నోటితో తెలియడం మర్యాద.

బుల్లి


గట్టు మీది ఇల్లు
జూన్ 29

ఇంజనీరు గారికి,

మీ ఆజ్ఞలు అందాయి.

నాలుగేళ్ళ కిందట వీధిలో నా పరువు తీసిన మనిషి గుమ్మం ముందు నిలబడి, "అమ్మా, నా గోడ నీ నెత్తిన పడుతుంది" అని నేను చెప్పాలి. చెప్పకపోతే నా తోడబుట్టినదే నా మీద ఆవిడకి ఉత్తరం రాస్తుంది. బాగుంది. నా ఇంట్లో నా వెనక చీటీలు, నా వీధిలో నా వెనక ఉత్తరాలు. చెవిటివాడిని చేసి ఆడుకోవడం ఇదివరకు బయటివాళ్ళే చేసేవారు.

వానలు మొదలై మూడు రోజులైంది. గోడ నిలబడే ఉంది. బండలు పెట్టిన చోటే ఉన్నాయి, ఉంటాయి. మీరు మళ్ళీ రాయక్కర్లేదు.


సొరంగం క్యాంపు
జూలై 4

అన్నయ్యా,

రాయొద్దన్నావు. ఇదొక్కటి చదువు. తర్వాత నీ ఇష్టం.

ఎనిమిదేళ్ళ కిందట పాత ఉద్యోగం ఎందుకు మానేశానని మీరంతా అడిగారు. బదిలీ నచ్చలేదని చెప్పాను. అది అబద్ధం.

అప్పుడు ఒక కొండని కోసి రోడ్డు వేస్తున్నాం. కొండ కదులుతోందా లేదా అని కొలవడం నా పని. రోజుకి ఒక మిల్లీమీటరు కదలడం మొదలుపెట్టింది. తర్వాత మూడు. పై అధికారికి చెప్పాను. వారం ఆగు, రోడ్డు తెరిచాక చూద్దాం అన్నాడు. నేను ఆ అంకెలన్నీ ఫైల్లో రాసి, తేదీ వేసి, సంతకం పెట్టాను. నా పని నేను చేశాననుకున్నాను.

కొండ కింద పనివాళ్ళ రేకుల షెడ్లుండేవి. రోజూ సాయంత్రం వాటి ముందు నుంచే జీపులో వెళ్ళేదాన్ని. ఒకావిడ గుమ్మంలో కూర్చుని కూరగాయలు తరుగుతూ నాకు చెయ్యూపేది. నేనూ ఊపేదాన్ని. జీపు ఆపి, "ఇక్కడుండొద్దు, ఇవాళే వెళ్ళిపోండి" అనడానికి రెండు నిమిషాలు పడుతుంది. నాలుగు సాయంత్రాలు వెళ్ళాను. నాలుగు సార్లూ చెయ్యూపాను. పై అధికారిని కాదని చెపితే ఏమవుతుందో అన్న భయం తప్ప నాకు వేరే కారణం లేదు.

ఐదో రోజు పొద్దున కొండ దిగింది. ముగ్గురు పోయారు. వాళ్ళలో ఆవిడ ఉంది.

విచారణలో నా ఫైలు చూసి, నీ తప్పేమీ లేదమ్మా అన్నారు. మెచ్చుకున్నారు కూడా. మర్నాడే ఉద్యోగం మానేశాను.

నీ గోడ ఇవాళ నిలబడి ఉంది. ఆ కొండ కూడా నాలుగు రోజులు నిలబడే ఉంది. పరువు, కోపం, ఆవిడ నోటీసు, నా మీద అలక, వీటన్నిటికీ తర్వాత బోలెడు టైముంటుంది. ఆ గుమ్మం ముందు రెండు నిమిషాలు ఆగు అన్నయ్యా.

బుల్లి


గట్టు మీది ఇల్లు, ముందు గది
జూలై 12

బుల్లీ,

అందరం బతికే ఉన్నాం. ముందు అది చదివి, తర్వాత మిగతాది చదువు.

నీ ఉత్తరం మొన్న పొద్దున పదింటికి వచ్చింది. రెండు సార్లు చదివాను. ఏముందని మీ వదిన అడిగితే కాగితం చేతికిచ్చేసి, గొడుగైనా తీసుకోకుండా పెరట్లోకి వెళ్ళాను. బండలకీ ఇంటికీ మధ్య కంకరలో వేలు పట్టేంత పగులు, ఈ చివర నుంచి ఆ చివర దాకా. అంతకుముందు రోజు అది లేదు. అక్కడే నిలబడ్డాను. పేలుడు పెట్టినప్పుడు బండ విడిపోయే ముందు నేల సన్నగా జలదరిస్తుంది. చెవులు పోయాయి గానీ నా అరికాళ్ళు పోలేదు. వాటికి తెలిసింది.

మీ వదినని వీధి అరుగు మీదికి తీసుకొచ్చి కూర్చోబెట్టి, కిందికి పరిగెత్తాను. చుట్టూ తిరిగి వెళ్ళాలి కదా, ఐదు నిమిషాలు పట్టింది. దర్జీ ఆవిడ గదిలో మూడు మిషన్లు, ఆవిడా, పనిచేసే ఇద్దరు ఆడవాళ్ళూ. తడిసి ముద్దయి గుమ్మంలో నిలబడి గోడ పడుతోంది, బయటికి రండి అని అరిచాను. ఎంత గట్టిగా అరిచానో, ఎలా అరిచానో నాకేం తెలుసు? నాలుగేళ్ళ తర్వాత మళ్ళీ పోట్లాటకి వచ్చాననుకుంది ఆవిడ. కత్తెర పట్టుకుని లేచింది. ఏదో అంటోంది. పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుని ఉంది, ఒక్క ముక్క అర్థం కాలేదు. గుమ్మం వైపు వేలు చూపించింది, పో అని.

ఆవిడ వెనక గోడకి పొట్ట వచ్చింది, బుల్లీ. నిండు చూలాలి పొట్టలా. సున్నం పెచ్చులు రాలుతున్నాయి.

ఇంక చెప్పి ప్రయోజనం లేదనుకున్నాను. ఆవిడ కుడుతున్న మిషన్ని బల్ల మీద నుంచి ఊడబెరికి, చంకన పెట్టుకుని వీధిలోకి పరుగెత్తాను. సూది కింద ఎవరిదో చొక్కా ఉంది, అది నా వెనక జెండాలా ఎగురుతోంది. దొంగ దొంగ అని ముగ్గురూ నా వెంటబడ్డారు. ఆవిడ తిట్టిన తిట్లు నాకు వినపడలేదు. విన్నవాళ్ళు మాత్రం అలాంటివి ఆ వీధిలో ఎప్పుడూ పుట్టలేదన్నారు.

మలుపు దగ్గరికి చేరాక అరికాళ్ళ కింద నేల దద్దరిల్లింది. ఆగి వెనక్కి తిరిగాను. ముందు నాకు కనపడింది ఆ ముగ్గురి వీపులు. వాళ్ళూ వెనక్కే చూస్తున్నారు. గది లేదు. రేకుల కప్పు మీద గేదె బండ పడుకుని ఉంది.

తర్వాత ఆవిడ నా వైపు తిరిగింది. పెదాల్లోంచి గుండుసూదులు ఒక్కొక్కటే తీసి రవికె చేతి అంచుకి గుచ్చుకుంది. అప్పుడు ఆవిడ మాట నాకు అర్థమైంది. "ముందు ఆ మిషన్ కింద పెట్టండి" అంది.

నీ ఉత్తరం ఆవిడకి ముందే అందిందట. కవరు వెనక మన ఇంటిపేరు చూసి, ఇంకో నోటీసనుకుని చింపకుండా సొరుగులో పడేసిందట. ఆ సొరుగు కూడా బండ కిందే ఉంది.

మా పెరట్లో మూడో వంతు పోయింది. ఇల్లు నిలిచింది. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకున్నాను. నీ ఉత్తరం ఇంకో పూట ఆలస్యమై ఉంటే ఏమయ్యేదో రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. ఆ "ఇంజనీరు గారు" అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.

అన్నయ్య


సొరంగం క్యాంపు
జూలై 21

అన్నయ్యా,

నీ ఉత్తరం జీపు దగ్గరే చింపి, వానలో నిలబడి చదివాను. సగం అక్షరాలు కరిగిపోయాయి. డ్రైవరు నన్ను చూసి ఏదో చావు కబురనుకుని టోపీ తీశాడు.

మళ్ళీ ఒకటే ఎత్తయిన గోడ కట్టొద్దు. మూడు పొట్టి గోడలు మెట్లమెట్లుగా కట్టించు, ఒక్కోటి నాలుగడుగులు దాటకుండా. ప్రతిదానికీ కన్నాలుండాలి, వాటి ముందు కంకర కాలువ ఉండాలి. కొలతలు వేరే కాగితం మీద గీసి పంపుతున్నాను.

నువ్వు ఆ గుమ్మం ముందు ఆగావు. నాకు అది చాలు అనుకుందామనుకున్నాను. కానీ నీ ఉత్తరం మళ్ళీ చదివిన ప్రతిసారీ సంతోషం వెనకే ఇంకోటి వస్తోంది. చెయ్యాలంటే చెయ్యొచ్చని నువ్వు చూపించావు. మిషన్ ఎత్తుకుని పరిగెత్తినా సరే. నాకు నాలుగు సాయంత్రాలు దొరికాయి.

బుల్లి


గట్టు మీది ఇల్లు
సెప్టెంబరు 18

బుల్లీ,

మూడు మెట్ల గోడలూ లేచాయి. ఒక్కో మెట్టు మీద చిన్న రాళ్ళు, ఇద్దరు మోయగలిగినవే. సందుల్లో కలబందా రణపాలా పెట్టాం. మీ వదిన కుర్చీలో కూర్చుని కర్రతో చూపిస్తుంది, నేను పెడతాను. అది అక్కడ కాదు, జానెడు ఎడమకి అంటుంది. నేను మొహం తిప్పడం మానేశాను కాబట్టి తప్పించుకోవడానికి లేదు. అట్టడుగు మెట్టు దర్జీ ఆవిడ వైపు ఉంది. దానికి నీళ్ళే అక్కర్లేదన్నా వినకుండా ఆవిడ రోజూ చెంబెడు పోస్తోంది.

ఆవిడకి కొత్త గది వీధి వైపు కట్టించాను. కన్నాలు మూసిన సంగతి ఆవిడకీ, వీధికీ నేనే చెప్పాను. వారం రోజులు ఆవిడ నా వైపు చూడలేదు. తర్వాత వచ్చి, "మూయమన్నది నేనే కదా" అంది. "మూయమన్నది నువ్వే. మూస్తే ఏమవుతుందో తెలిసింది నాకు, నీకు కాదు" అన్నాను. వెళ్తూ వెళ్తూ నా చొక్కా చిరుగు చూసి, విప్పివ్వమని చెయ్యి చాచింది.

ఆ మాట ఆవిడతో అనేశాక నాకు తేలికైంది. అందుకే ఇది రాస్తున్నాను. నువ్వు రాసిన ఆ ముగ్గురి తాలూకు వాళ్ళు ఎక్కడున్నారు? నువ్వెప్పుడైనా వాళ్ళ దగ్గరికి వెళ్ళావా? వెళ్ళలేదనే అనుకుంటున్నాను. ఏం చెప్తావో, వాళ్ళు ఏమంటారో నాకు తెలియదు. కొట్టినా కొట్టొచ్చు. వెళ్తానంటే నేను తోడొస్తాను.

అన్నయ్య


సొరంగం క్యాంపు
అక్టోబరు 6

అన్నయ్యా,

నీ ఉత్తరానికి మూడు సార్లు జవాబు మొదలుపెట్టి చింపేశాను. ఇది నాలుగోది.

చెయ్యూపే ఆవిడ భర్త ఉన్నాడు. పాత ఆఫీసులో ఒకరిని అడిగి తెలుసుకున్నాను. ఒక బస్సు డిపోలో కాపలా పని చేస్తున్నాడట. మిగతా ఇద్దరి వాళ్ళ కోసం ఇంకా వెతుకుతున్నాను. ఆయనకి ఉత్తరం రాశాను, నేనెవరినో, ఎందుకు వస్తానంటున్నానో ఏదీ దాచకుండా. ఆదివారం రండి అని ఒక్క ముక్క జవాబు వచ్చింది.

పద్దెనిమిదో తేదీ ఆదివారం పొద్దున తొమ్మిదింటికి ఆ డిపో గేటు దగ్గర ఉంటాను. అడ్రసు వెనక రాశాను. వదిన చేత తలకి రుమాలు కట్టించుకుని రా, దారంతా చలి.

నువ్వేమీ మాట్లాడొద్దు. నేనే చెప్తాను. నేను చెప్పేది నీకు వినపడదు, అదే నాకు ధైర్యం. ఆయన మాట్లాడేటప్పుడు నేను తలెత్తి చూడగలనో లేదో తెలియదు. చూడలేకపోతే, చెవులున్నా నాకేమీ వినపడదు. నువ్వు ఆయన పెదాల మీద నుంచి చూపు తిప్పకు. ఆయన ఏమన్నాడో, ఉన్నది ఉన్నట్టుగా, తర్వాత నాకు చెప్పు.

బుల్లి